పానకాలు కుడిపక్క నొప్పి

చచ్చిపోయి ఆరేళ్లయినా పానకాలు నా బల్ల మీద కూర్చునే ఉంటాడు. కుడి డొక్క కింద చెయ్యి పెట్టుకుని నా వంకే చూస్తుంటాడు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. నరసరావుపేట పక్క పల్లెలో ముప్పై ఏళ్లుగా సూదిమందు వేస్తున్న ఆర్ఎంపీని నేను. ఊళ్లో డాక్టరుగారంటారు, సిగ్గులేకుండా పలుకుతాను.

పానకాలు మిరపకాయల బస్తాలు తొక్కేవాడు. గోతాంలోకి దిగి, కాయను కాళ్లతో అదిమి అదిమి నింపేవాడు. ఆ ఘాటుకి మేమంతా తుమ్మి చస్తుంటే వాడు మమ్మల్ని చూసి నవ్వేవాడు.

2001లో వాడి భార్య రమణమ్మకు అన్నం తినగానే కుడిపక్క నొప్పి, వాంతులు. వెంటనే స్కానింగుకి చీటీ రాశాను. పిత్తాశయంలో రాళ్లు. గుంటూరులో నాలుగు చిన్న బెజ్జాలు పెట్టి తీసేశారు. మూడో రోజుకి బస్సు దిగి ఇంటికి నడిచొచ్చింది. నా పేరు ఊళ్లో మార్మోగిపోయింది.

మరుసటి ఏడు పానకాలుకీ అక్కడే నొప్పి.

"ఆడోళ్ల జబ్బు నీకెందుకొస్తుందిరా? అది మిరప ఘాటు" అన్నాను. అక్కడున్న నలుగురూ నవ్వారు. వాడూ నవ్వాడు.

రెండు సీజన్లు గ్యాసు మందు తాగించాను, మజ్జిగ తాగమన్నాను. రమణమ్మ ఒకసారి వచ్చి, అచ్చం నాకొచ్చినట్టే ఉందండీ, ఈయనకూ స్కానింగు రాయండి అని బతిమాలింది. నీకేం తెలుసమ్మా అని కసిరాను. నా నోరు పడిపోను!

కళ్లు పచ్చబడి, చలిజ్వరంతో వణికిపోతుంటే అప్పుడు గుంటూరు తీసుకెళ్లాను. దారిలో, ఆడోళ్ల జబ్బని ఊళ్లో చెప్పమాకండి అని నా చెయ్యి పట్టుకున్నాడు. సర్జను బెజ్జాలతోనే మొదలుపెట్టాడు. లోపల కుళ్లి అంతా అతుక్కుపోయి ఉంటే పొట్ట కొయ్యక తప్పలేదు. రాళ్లు ఆడవాళ్లకే ఎక్కువ గానీ, మగాళ్లు ఇలా ముదరబెట్టుకుని వస్తారు, ఇన్నాళ్లూ ఏం చేశారని నన్నే అడిగాడు. తొమ్మిదో రోజు పానకాలు పోయాడు.

పెద్దకర్మ నాడు ఊరంతా మిరప ఘాటే పొట్టన పెట్టుకుందంది. నేను కాదనలేదు, పిరికి వెధవని. భోజనాలయ్యాక, మూలన కూర్చున్న రమణమ్మ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆమె తల ఎత్తలేదు.

"ఇద్దరిదీ ఒకటే నొప్పి డాక్టరుగారూ" అంది. "ఆడదాన్ని గనక నేను బతికాను."