విజయకుమారి గారు అడిగిన టేబుల్

2022లో నేను ఏలూరులోని ఒక ఫ్యామిలీ రెస్టారెంటులో ఫ్లోర్ మేనేజర్‌గా చేరాను. వంటగదిలో జరిగేది చెఫ్ బాధ్యత. ఆ తలుపు దాటాక జరిగేదంతా ఫ్లోర్ మేనేజర్ బాధ్యత. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏ టేబుల్‌కి ఆలస్యమైంది, ఎవరు మొహం ముడుచుకుని లేచి వెళ్ళారు, ఇవన్నీ చూసుకోవాలి. మాది పెంటపాడు దగ్గర ఒక పల్లె, వరి పండించే ఇల్లు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, కొన్నేళ్ళు హైదరాబాదులో పనిచేసి వెనక్కి వచ్చాను. మా పెదనాన్న మాత్రం ఎవరైనా అడిగితే ఇప్పటికీ "మా నాగమణి కంపెనీలో మేనేజరు" అనే చెబుతాడు.

మధ్యాహ్నం భోజనాలు అయిపోయాక, రాత్రి భోజనాలు మొదలయ్యేలోపు ఏ రెస్టారెంటులోనైనా కుర్చీలు ఖాళీగా ఉంటాయి. మేము దాన్ని లీన్ అవర్స్ అంటాం. ఆ వేళకు జనాన్ని రప్పించడానికి పెట్టేదే హ్యాపీ అవర్స్. పెద్ద నగరాల్లో ఆ మాట వింటే మందు మీద తగ్గింపు గుర్తొస్తుంది. మాది మందు లేని చోటు. అందుకని మాక్‌టెయిల్స్, అంటే పళ్ళరసాలూ సోడా కలిపి చేసే పానీయాలు, ఒకటి కొంటే ఇంకొకటి ఉచితంగా ఇచ్చేవాళ్ళం. స్టార్టర్స్ మీద కూడా కొంత తగ్గించేవాళ్ళం.

బోర్డు పెట్టిన కొత్తలో ఒక పెద్దమనిషి లోపలికి వచ్చి, టేబుళ్ళన్నీ ఒకసారి పరికించి చూశాడు.

"ఏవండీ, మా ఆవిడ తోటి టీచర్లతో కలిసి హ్యాపీ అవర్స్‌కి వస్తానంటోంది. ఇక్కడ ఏం పోస్తారండీ?"

పుదీనా, నిమ్మరసం, సోడా కలిపిన గ్లాసు ఒకటి ఆయన చేతికి ఇచ్చాను. నిలబడే తాగాడు. "బానే ఉందండి, పంపిస్తాను" అని వెళ్ళిపోయాడు.

ఆయన భార్యే విజయకుమారి గారు. దెందులూరు వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. అప్పటికి ఏభై దాటి ఉంటాయి. నెలకోసారి, ఏదో ఒక శనివారం సాయంత్రం, మరో ముగ్గురు టీచర్లతో వచ్చేవారు. మెనూ కార్డు తెరిచేవారు కాదు. నలుగురికీ ఏం కావాలో ఆవిడే చెప్పేవారు. ఆ గొంతు వెనక బెంచీలదాకా వినపడడానికి అలవాటు పడ్డ గొంతు. మా కౌంటర్ దగ్గర నిలబడినా ఆర్డర్ స్పష్టంగా వినిపించేది. ఆవిడకు ఏదైనా కరకరలాడాలి. వేపుడు కాస్త మెత్తబడిందనిపిస్తే పళ్ళెం నావైపు జరిపి, "ఇది నువ్వు తిని చూడమ్మా" అనేవారు. కోపంగా అనేవారు కాదు. తప్పు లెక్కకు ఎర్ర గీత గీసినట్టు అనేవారు.

ఏడాది పైన అలా వచ్చాక, ఉన్నట్టుండి రావడం మానేశారు. వచ్చే జనం వస్తారు, మానేసేవాళ్ళు మానేస్తారు. కారణం అడగడానికి మాకు అవకాశం ఉండదు. కొన్ని నెలల తర్వాత, ఆ నలుగురిలో ఒకరైన పద్మావతి గారు ఒక్కరే వచ్చారు. ఏమీ ఆర్డర్ ఇవ్వకుండా నన్ను పక్కకు పిలిచారు.

"విజయకి నాలుక మీద పుండు వచ్చిందండి. మానలేదు. చూపిస్తే క్యాన్సర్ అన్నారు. నాలుక కొంత తీసేశారు, తర్వాత రేడియేషన్ కూడా ఇచ్చారు."

"ఇప్పుడెలా ఉన్నారండీ?"

"జబ్బు తగ్గింది. మనిషే తేరుకోలేదు. మాట ముద్దగా వస్తోంది. తింటుంటే పెదవి పక్కనుంచి జారిపోతుంది. అందుకని ఎవరి ఎదుటా తినదు. ఇంట్లో కూడా వంటగది తలుపేసుకుని తింటోందట. ఆ తినేది కూడా నాలుగు చెంచాలు. బరువు ఇలాగే తగ్గితే మళ్ళీ ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు డాక్టర్లు. మింగడం నేర్పించే థెరపిస్ట్ అయితే నలుగురితో కలిసి కూర్చుని తినమంటోంది. ఎంత చెప్పినా వినదు. ఎలాగో ఈ శనివారానికి ఒప్పించాం. మీరు లోపలి గది ఇవ్వాలండి. ఎవరి కంటా పడకుండా."

లోపలి గది అంటే పీడీఆర్, ప్రైవేట్ డైనింగ్ రూమ్. తలుపు వేసుకునే గది. పుట్టినరోజులకీ, పెళ్ళి మాటలకీ ఇస్తాం. అడగ్గానే ఇస్తానన్నాను. నాకూ అదే మంచిదనిపించింది.

మా చెఫ్ సత్తిబాబుది ఆకివీడు. చేపల మధ్య పుట్టి పెరిగిన మనిషి. అతనికి విషయం చెప్పాను.

"మెత్తగా అంటే ఎంత మెత్తగా కావాలండి? గుజ్జులాగానా, ముక్క తెలియాలా?"

పద్మావతి గారికి ఫోన్ చేసి కనుక్కున్నాం. ముక్క తెలిసినా పరవాలేదు గానీ నమలక్కర్లేకుండా విడిపోవాలి. కారం అసలు తగలకూడదు. రేడియేషన్ తర్వాత మిరియం కూడా నిప్పులా ఉంటుందట. నోట్లో తడి ఊరదు కాబట్టి పొడిగా ఉండకూడదు. సత్తిబాబు కొరమీను ఎంచుకున్నాడు. ముళ్ళు తక్కువ, తీయడం సులువు. కొబ్బరిపాలలో సన్నటి సెగ మీద ఉడికించి, ముందురోజే ఒకసారి చేసి నాకు పెట్టాడు. చెంచా అంచు తగిలితే రేకులు రేకులుగా విడిపోయింది.

శనివారం నలుగురూ వచ్చారు. విజయకుమారి గారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడిచారు. సగం మనిషి అయ్యారు. నాకు తల ఊపి, మాట్లాడకుండా లోపలి గదిలోకి వెళ్ళిపోయారు.

టేబుల్ మీదికి ఏం వెళ్ళిందన్నదే కాదు, ఏం వెనక్కి వచ్చిందన్నది కూడా మా పనిలో చూసుకోవాలి. ఆ గదిలోంచి అన్నీ వెనక్కి వస్తున్నాయి. విజయకుమారి గారి గిన్నె అలాగే ఉంది. ఆవిడ తినడం లేదని మిగతా ముగ్గురూ కూడా తినడం లేదు. నేను వెళ్ళినప్పుడల్లా ముగ్గురూ స్కూలు సంగతులు గబగబా మాట్లాడుతూ కనిపించారు. ఎవరూ నవ్వని జోకులు వేసుకుంటున్నారు. కొరమీను రెండుసార్లు వేడి చేయించి పంపాను. రెండుసార్లూ మీగడ కట్టింది.

అప్పుడు విజయకుమారి గారు బయటికి వచ్చారు. వాష్‌రూమ్‌కి వెళ్తారనుకుని దారి చూపించబోయాను. ఆవిడ నా దగ్గరే ఆగి, హాల్లోకి చూశారు. అప్పటికి హాలు సగానికి పైగా నిండింది. కాలేజీ పిల్లలు, ఒక కుటుంబం, బ్యాంకు వాళ్ళు ఎవరో, అందరూ ఎవరి గోలలో వాళ్ళున్నారు. ఆవిడ హాలు మధ్యలో ఖాళీగా ఉన్న టేబుల్ చూపించి ఏదో అన్నారు. మాట నాకు అందలేదు. అందినట్టు తల ఊపాను. ఆవిడకది తెలిసిపోయింది. మళ్ళీ, నెమ్మదిగా చెప్పారు.

"అక్కడికి మార్చు."

"అక్కడ జనం ఉంటారు మేడమ్."

"ఉండనీ. లోపల ముగ్గురూ నా నోటివంకే చూస్తున్నారు. తినకపోతే చూస్తున్నారు, చెంచా ఎత్తితే ఇంకా చూస్తున్నారు. ఇక్కడైతే ఎవరి పళ్ళెం వాళ్ళది."

ఆ రెండు మాటలు చెప్పడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. మధ్యలో రుమాలుతో నోరు తుడుచుకున్నారు. నేను వెయిటర్‌ని పిలిచి టేబుల్ మార్పించాను. స్నేహితులు ముగ్గురూ కంగారుగా ఆవిడ వెనకే వచ్చి కూర్చున్నారు. సత్తిబాబు కొత్తగా ఇంకో గిన్నె పంపాడు.

ఆవిడ తినడం మొదలుపెట్టారు. చెంచాతో కొద్దిగా తీసుకుని, గడ్డం కిందికి వంచి, కళ్ళు మూసుకుని మింగి, ఒక గుక్క నీళ్ళు తాగేవారు. కొంత జారి పళ్ళెంలో పడేది. తుడుచుకుని మళ్ళీ చెంచా ఎత్తేవారు. మధ్యమధ్య దగ్గు వచ్చేది. పద్మావతి గారు కాసేపు చూసి, చూపు తిప్పుకుని, తన పళ్ళెంలోది తినడం మొదలుపెట్టారు. తర్వాత మిగతా ఇద్దరూ తిన్నారు.

పక్క టేబుల్ కుటుంబం పుట్టినరోజుకి వచ్చింది. పెద్ద గుంపు. మా ఓనరుకి తెలిసినవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ నన్ను చేత్తో పిలిచి, గొంతు తగ్గించింది.

"ఏవండీ, ఆవిడని కొంచెం లోపల కూర్చోబెట్టండి. పక్కనే అలా తింటుంటే మాకు ముద్ద దిగట్లేదు. పిల్లలున్నారు కదండీ."

గొంతు తగ్గించినా, రెండు టేబుళ్ళ మధ్య దూరం అంత లేదు.

"మీకు కిటికీ వైపు పెద్ద టేబుల్ వేయిస్తానండి. ఇప్పుడే రెండు కలిపించేస్తాను" అన్నాను.

"మేమెందుకు లేవాలండీ? కేకు కూడా ఇక్కడే పెట్టుకున్నాం."

ఆవిడ భర్త అప్పటికే ఫోన్ తీశాడు. నిమిషంలో నా ఫోన్ మోగింది. ఓనరు. ఆ రోజు ఆయన తాడేపల్లిగూడెంలో ఉన్నారు.

"ఏంటమ్మా గొడవ? లోపల గది ఉంది కదా. అందులోకి పంపెయ్."

"ఆవిడ ఇప్పుడిప్పుడే తింటున్నారండి. లేపి లోపలికి వెళ్ళమని నేను చెప్పలేనండి."

"నువ్వు చెప్పకపోతే ఎవరు చెప్తారు? నేను గూడెం నుంచి వచ్చి చెప్పాలా?"

ఆ ఉద్యోగం నాకు అవసరం. ఏలూరులో అలాంటివి ఇంకో నాలుగు లేవు. ఈలోపు విజయకుమారి గారు చెంచా పక్కన పెట్టి లేచారు. వెళ్ళిపోతున్నారనుకున్నాను. ఆవిడ పక్క టేబుల్ దగ్గరికి వెళ్ళి ఆగి, ఆ పిలిచినావిడతో ఏదో చెప్పారు.

"ఏమంటున్నారండీ?" అని ఆవిడ నావైపు చూసింది. ఆమె నిజంగానే అర్థం కాక అడిగింది.

పద్మావతి గారు గబుక్కున లేచి, "విజయ ఏమంటోందంటే..." అని మొదలుపెట్టారు. విజయకుమారి గారు వెనక్కి చూడకుండానే చెయ్యి ఎత్తి ఆపారు. మళ్ళీ ఆవిడే చెప్పారు. క్లాసులో డిక్టేషన్ ఇచ్చేటప్పుడు చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి, రెండు మాటల మధ్య ఊపిరి తీసుకుంటూ.

"నాకు ఆపరేషన్ అయింది. సగంలో ఆపితే... మళ్ళీ మింగడం మొదలుపెట్టలేను. మీకు ఇబ్బందైతే... మీరు అటు తిరిగి కూర్చోండి. నేను లేవను."

హాల్లో దగ్గరలో ఉన్న రెండు మూడు టేబుళ్ళవాళ్ళు ఇటు తిరిగి చూశారు. ఆవిడ మాట అంతా స్పష్టంగా ఉందని చెప్పను. కానీ ఒక్క మాట కూడా ఎవరికీ అందకుండా పోలేదు. ఆ పిలిచినావిడ ముందు పళ్ళెంలోకి చూసింది, తర్వాత భర్తవైపు చూసింది. విజయకుమారి గారు తన కుర్చీలోకి వచ్చి కూర్చున్నారు. చెంచా అందుకున్నారు. మొదటిసారి అది గిన్నెకు తగిలి చప్పుడైంది. రెండోసారికి సర్దుకుంది.

ఓనరు ఇంకా లైన్లోనే ఉన్నారు. "ఏమైంది?" అన్నారు.

"ఆవిడే చెప్పుకున్నారండి" అన్నాను.

పుట్టినరోజు వాళ్ళు టేబుల్ మారలేదు. నన్ను పిలిచినావిడ మాత్రం కుర్చీ కొంచెం అటు తిప్పుకుంది. కేకు కోసుకుని, తిని, వెళ్ళిపోయారు. మర్నాడు ఇంటర్నెట్‌లో మా రెస్టారెంటుకి ఒక్క స్టార్ ఇచ్చి, వాతావరణం బాగాలేదని రాశారు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఓనరు నాతో పొడిపొడిగా మాట్లాడారు. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ సాయంత్రం విజయకుమారి గారు గిన్నెలో ముప్పాతిక వంతు తిన్నారు. ఇంటికి వెళ్ళాక చాలా నీరసపడ్డారనీ, మర్నాడంతా పడుకునే ఉన్నారనీ పద్మావతి గారు చెప్పారు.

తర్వాతి నెల మళ్ళీ వచ్చారు. ఈసారి తిన్నగా హాల్లోకే. గొట్టం వేయాల్సిన అవసరం రాలేదు. బడులు తెరిచాక ఉద్యోగంలో చేరారు. మొదటి రోజు క్లాసులో ఏం చెప్పారో పద్మావతి గారు వాళ్ళ టేబుల్ దగ్గరే నాకు చెప్పారు. "నా మాట అర్థం కాకపోతే చెయ్యి ఎత్తండి, మళ్ళీ చెప్తాను. అర్థమైనట్టు తల మాత్రం ఊపకండి" అన్నారట. నేను అది వింటున్నప్పుడు విజయకుమారి గారు నన్నే చూశారు. నవ్వారు కూడా. పాత రోజుల్లో కౌంటర్ దాకా వినిపించిన గొంతు మాత్రం తిరిగి రాలేదు. కరకరలాడేవి ఇక తినలేరు. ఆర్డర్ ఇప్పటికీ ఆవిడే చెబుతారు. కొత్త వెయిటర్లు మొదట్లో తడబడతారు, ఆవిడ మళ్ళీ చెబుతారు.

ఈ పనిలో మొదట నేర్పేది అతిథికి ఇబ్బంది కలగకుండా చూసుకోవడం. నేను దాన్ని ఎప్పుడూ కనపడకుండా దాచడం అనే అర్థం చేసుకున్నాను. చంటిపిల్లల తల్లికి మూల సోఫా, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళకు గోడ పక్క టేబుల్, ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళకు స్తంభం వెనక. అందులో దయ ఉంది. వాళ్ళని అడగడం మాత్రం లేదు. ఇప్పుడు కూడా అలాంటి ఫోన్లు వస్తుంటాయి. "మా నాన్నగారికి చెయ్యి వణుకుతుందండి, ఎవరికీ కనపడని టేబుల్ ఒకటి ఉంచండి" అంటారు. ఉంచుతాను. కానీ వాళ్ళు వచ్చాక తలుపు దగ్గర ఆ పెద్దాయన్నే అడుగుతాను, "ఎక్కడ కూర్చుంటారండీ?" అని. కొందరు మూల టేబులే కావాలంటారు. కొందరు హాలంతా ఒకసారి చూసి, తీరిగ్గా ఎంచుకుంటారు.