ఆయన మోసిన సంచి

దమ్మాం నుంచి రియాద్ వచ్చే బస్సుల నా పక్క సీట్ల కూసున్నది నిజామాబాదాయన. ఆర్మీల హవల్దారుగ రిటైరై, రియాద్ల సులై అనే కాడ ఒక గోదాముకు సెక్యూరిటీగ చేస్తున్నడు. మా లేబర్ క్యాంపుల అందరికి చెప్పిన మాటే ఆయనకు గూడ చెప్పిన: నేను ఆర్మీల నాలుగేండ్లు చేసిన, మోకాలికి దెబ్బ తగిలి బయటికొచ్చిన అని. ఆ మాటతోనే క్యాంపుల నా పేరు ఫౌజీ అయింది.

ఆయన సీట్లనే నిటారుగ కూసొని "జైహింద్" అన్నడు. బస్సు దిగంగనే నా సంచి గుంజుకొని భుజానికేసుకున్నడు.

"ఆ మోకాలితోని నువ్వు మొయ్యద్దు తమ్మీ."

నాకంటె ఇరవై ఏండ్లు పెద్దోడు. నడుసుకుంటనే అడిగిండు, "నీ ఆర్మీ నంబరెంత?"

ఆర్మీల చేసినోడు నిద్రల లేపి అడిగినా తన నంబరు చెప్తడు. "యాదికి లేదన్నా" అన్న.

ఆయన ఆగిండు. సంచి దించుతడనుకున్న. దించలే.

"భర్తీకి పోతే మెడికల్ టెస్టుల పోయిందా?" అని మెల్లగ అడిగిండు.

"ఉరుకుడుల పాసైన. నిలబెట్టి చూసి, రెండు మోకాళ్లు తాకుతున్నయన్నరు."

"మా తమ్మునిది గూడ గట్లనే పోయింది" అని మళ్ల నడిచిండు.

క్యాంపు బండి కాడ సంచి నా కాళ్ల దగ్గర పెట్టి, చెయ్యి కలిపి మళ్లిండు. బండిల నుంచి మా రూమోడు అడిగిండు, "ఫౌజీ, ఎవరాయన?"

"మా యూనిటే. కలిసి చేసినం" అన్న.

ఆయన ఇంకా నాలుగడుగులు గూడ పోలే. ఒక్క క్షణం ఆగి, వెనక్కి చూడకుంటనే పోయిండు.

ఇప్పటికీ ఎవరన్న ఫౌజీ అని పిలిస్తే పలుకుతనే ఉన్న.