దుప్పట్లాయన వదిలిన గజం

వేడి పైపు కనబడితే చాలు, దుప్పట్లాయనకు చేతులు ఊరుకోవు. రాయిని కరిగించి, దూదిలా పీచు తీసి, పరుపుల్లా చుట్టి అమ్ముతారే, ఆ రాతి ఉన్ని ఆయన సరుకు. నిప్పు పెట్టినా అంటుకోదు. ఒంటికి తగిలితే మాత్రం దురద దుంపతెంచుతుంది. దాన్ని దుప్పటి కప్పినట్టు పైపులకు చుట్టి, తీగ బిగించి, పైన రేకు తొడుగుతాడు. వేలెడు జాగా కూడా బోసిగా వదలడని ఆయనకు మహా గర్వం. ఆ గర్వం ఆయన్ని కట్టుకున్నావిడను అడిగితే తెలుస్తుంది ఎంతో.

ఈసారి బట్టలకు రంగులద్దే మిల్లులో పని దొరికింది. ఇప్పించింది అక్కడ బాయిలర్ చూసే మనిషి. దుప్పట్లాయన భార్యకు అన్న, అంటే ఈయనకు బావ. సెలవుల్లో ఒక షెడ్డులోని పైపులు చుట్టి చూపించాలి. మిల్లు ఇంజినీరు మెచ్చి సంతకం పెడితే మిగతా షెడ్లన్నీ ఈయనవే. లేదంటే ఖాళీ చేతులతో ఇంటికి పోవాల్సిందే, వేరే పనేదీ లేదు. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చుట్టాడు.

సెలవులయ్యాక పైపుల్లోకి ఆవిరి వదిలారు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పిన పనివాళ్లందరి మొహాలూ మాడిపోయాయి. అన్నం చల్లగా బిగుసుకుపోయి ఉంది.

"కొంప ముంచావు కదయ్యా," అన్నాడు బావ. "గోడ పక్క గజం పైపు మీదే కదా అందరం క్యారేజీలు వెచ్చబెట్టుకునేది. అదొక్కటీ విప్పెయ్."

"ఇంజినీరు చెయ్యి పెట్టి చూస్తాడు బావా. చురుక్కుమంటే నా పని అయిపోయినట్టే."

"ఆయన చూడకపోతే వదుల్తావా?"

"వదలను."

ఆ సాయంత్రం అందరికీ టీ వచ్చింది, ఈయనకు తప్ప.

మర్నాడు ఇంజినీరు వచ్చాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా పైపును తడుముకుంటూ నడిచి, "భేష్" అన్నాడు. జేబులోంచి కలం తీశాడు. ఇంతలో ఆకలి గుర్తొచ్చినట్టుంది, గోడ పక్కకు వెళ్లాడు. బంట్రోతు అలవాటు కొద్దీ పొద్దున్నే అక్కడ పెట్టిన క్యారేజీ ఆయనదే. మూత తీసి, కూరలో వేలు ముంచి, కలం మళ్లీ జేబులో పెట్టేశాడు.

"పని బాగుంది. కానీ ఈ గజం విప్పితేగానీ సంతకం పెట్టను."

"వేడి వృథాగా పోతుంది సార్."

"ఎక్కడికి పోతుందయ్యా? నా కూరలోకేగా."

దుప్పట్లాయన తీగ కత్తిరించాడు. చేతులైతే పనిచేశాయి గానీ, కళ్లు మాత్రం ఆ వైపు చూడలేకపోయాయి. సంతకం దొరికినా ప్రాణం ఉసూరుమంది.

ఆ మర్నాడు ఎవరో ఆయన క్యారేజీ కూడా తీసుకెళ్లి ఆ గజం మీదే పెట్టారు. మధ్యాహ్నం మూత తీస్తే పొగలు కక్కింది. ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్దకు అసలు రుచి తెలిసింది. ఎక్కడ పనికి కుదిరినా మొదటిరోజే అక్కడి వేడినంతా మూసేసి, చల్లారిన కూడు తిని, ఇంటికొచ్చి భార్య చేతివంటను తిట్టిపోసిన మనిషి ఆయన. పెళ్లయిన నాటి నుంచీ ఇదే వరస. తలుచుకుంటే ఆయనకే సిగ్గేసింది.

"బావా, మీ చెల్లెలు ఇంత బాగా వండుతుందని ఎప్పుడూ చెప్పలేదేం?"

బావ తినడం ఆపి చూశాడు.

"ఆ ముక్క నాతో కాదు, ఇంటికెళ్లి దానితో అను. ఇన్నేళ్లుగా ఆ ఒక్క మాటకే మొహం వాచి ఉంది."