వెనక సీట్లో వీర్రాజు గారు

కొత్త టైరుకు చుట్టిన కాగితం చింపగానే ఒక వాసన వస్తుంది. చాలామందికి ఇష్టం. నాకు మాత్రం గొంతులో చేదు తగులుతుంది. అమలాపురంలో టైర్ల కొట్టు పెట్టుకుని బతుకుతున్నవాడు అనవలసిన మాట కాదిది. కానీ పొద్దున్నే షట్టరు ఎత్తగానే ఆ వాసనతోపాటు వీర్రాజు గారు కూడా ఎదురొస్తారు. నాకు డ్రైవింగు నేర్పి, అన్నం పెట్టిన మనిషి. బదులుగా ఆయనకు నేనేం పెట్టానో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

తొంభైల్లో కొత్తపేటలో ఆయనకొక అంబాసిడర్ టాక్సీ ఉండేది. పాతికేళ్ళు ప్రైవేటు బస్సు నడిపి నడుము పాడుచేసుకున్నారు. ఇక రోజూ స్టీరింగు పట్టలేక, డ్రైవరు కోసం చూస్తున్నారని తెలిసి వెళ్ళాను. లైసెన్సు చూపించబోతే వద్దన్నారు. నడుముకు పట్టీ బిగించుకుని వారం రోజులు తనే కారు నడిపారు. నా పనల్లా వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చోవడం.

మూడో రోజుకు నాకు నవ్వొచ్చింది. "ఇదేం ఉద్యోగమండీ బాబాయి గారూ? డ్రైవరుగా రమ్మని పెళ్ళికొడుకులా ఊరేగిస్తున్నారు!" అన్నాను.

"ఊరేగింది చాల్లే. ఎక్కడెక్కడ తగిలిందో చెప్పు."

"లొల్ల లాకుల దగ్గర వెన్నులో కలుక్కుమందండి."

"ఆయ్, అక్కడ నేను చూసుకోలేదు. స్టీరింగు ముందుంటాది గానీ సత్తిబాబూ, డ్రైవింగు తెలిసేది వెనక సీట్లోనే. పురిటికెళ్ళే పిల్ల ఎక్కుద్ది, ఆపరేషనైన పెద్దాయన ఎక్కుతారు. మనవాళ్ళు నోరు తెరిచి చెప్పరు. మనమే తెలుసుకోవాలి."

ఆ వారం నా వెన్నెముకకు జరిగిన చదువు నా బుర్రకు ఏ బడిలోనూ జరగలేదు. తర్వాత పదేళ్ళు ఆ కారు నేనే నడిపాను. మురమళ్ళ గుళ్ళో దేవుడి కల్యాణాలకు వెళ్ళే కుటుంబాలు నన్నే పంపమని అడిగేవి. నాకు కాస్త తలపొగరు పెరిగిందని ఒప్పుకుంటాను. టైర్ల సంగతి కూడా ఆయనే నేర్పారు. ఒకసారి టైరు పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కి చూపించారు. "గొయ్యి దెబ్బ ముందు తినేది ఈ రబ్బరే. రిమ్ము పెద్దదైతే రబ్బరు పలచనవుద్ది. ఇది తినలేని దెబ్బ మన నడుం తింటాది," అన్నారు. ఇంత సులువుగా ఇప్పుడు నా కొట్టుకొచ్చే టైర్ల కంపెనీ మనుషులు కూడా చెప్పలేరు.

అంబాసిడర్ ముసలిదైపోయాక మండపేట ధాన్యం వ్యాపారి ఒకాయన కొనుక్కుపోయారు. దాని బదులు రాజమండ్రిలో ఒక వాడిన చిన్న కారు తీసుకున్నాం. టైర్లు అరిగిపోయి ఉన్నాయి. అంతదూరం కూర్చోలేక, కొత్తవి వేయించి కారు తెమ్మని ఆయన నన్నొక్కడినే పంపారు. "చక్రాలు నీ ఇష్టం అమ్మా. నేను వాడపల్లి వెళ్ళొచ్చేలా ఉంటే చాలు," అన్నారు. అంతకు ముందే ఆయన భార్య, నేను పిన్ని గారు అని పిలిచే ఆవిడ, గుండెజబ్బు నుంచి బయటపడ్డారు. ఏడు శనివారాలు వాడపల్లి వెంకటేశ్వరస్వామిని దర్శించుకుంటానని ఆయన మొక్కుకున్నారు.

పదమూడు అంగుళాల మామూలు రిమ్ములకు లావుపాటి టైర్లు వేయించాలనే వెళ్ళాను. కొట్లో గోడకు పదిహేను అంగుళాలవి తళతళలాడుతున్నాయి. "ఇవి వేస్తే దారిపొడవునా జనం తిరిగి చూస్తారండి," అన్నాడు కొట్టువాడు. మా స్టాండులో కుర్రాళ్ళ కార్లన్నీ అలాంటి చక్రాలతోనే తిరుగుతున్నాయి. రబ్బరు ఎంత పలచగా ఉందో నా కళ్ళకు కనబడుతూనే ఉంది. అయినా అవే బిగించమన్నాను. తిరుగు ప్రయాణంలో ప్రతి గతుకూ చేతులకు తగులుతుంటే రోడ్డును తిట్టుకున్నాను.

మొదటి శనివారం. లొల్ల దాటి కాలవగట్టు రోడ్డెక్కాక అద్దంలో చూశాను. వీర్రాజు గారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఒక చెయ్యి ముందు సీటును గట్టిగా పట్టుకుని ఉంది.

"ఎలా ఉందండీ బాబాయి గారూ?"

"ఆయ్, బానే ఉందమ్మా. చక్రాలు మెరుస్తున్నాయి."

అంతే. నేను అడిగేశాను, ఆయన చెప్పేశారు. కాఫీలో పంచదారకు బదులు ఉప్పు పడినా బాగుందని తాగేసే ఊళ్ళు మావి. ఆ మాట నమ్మొద్దని నాకు నేర్పిన మనిషే అన్నారు, నేను నమ్మేశాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది మరి! అలా నాలుగు శనివారాలు తిప్పాను. ఐదో శనివారం ఆయన అరుగు దిగి, కారు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "ఈ వారం ఓపిక లేదమ్మా, పైవారం చూద్దాం," అన్నారు. ఆ పైవారం మళ్ళీ రాలేదు. వానాకాలంలో జ్వరం వచ్చి పోయారు. మూడు శనివారాలు అలాగే ఉండిపోయాయి.

పదకొండో రోజున పిన్ని గారు మామూలుగా మాట్లాడుతూనే చెప్పారు. "వాడపల్లి నుంచి వచ్చేక రెండ్రోజులు బోర్లా పడుకునేవారయ్యా. ఇసక వేయించి కాపడం పెట్టేదాన్ని. చక్రాలు మార్పించండంటే, పాపం ముచ్చటపడి వేయించేడు, చెప్తే చిన్నబుచ్చుకుంటాడు అనేవారు."

"మీరైనా చెప్పకపోయేరా పిన్ని గారూ?"

"నా చేత ఒట్టేయించుకున్నారు." ఒక్క నిష్ఠూరమైనా ఆడలేదావిడ. కాఫీ ఇచ్చారు. తాగాను. బాగుందన్నాను.

నా మీద నాకున్న అసహ్యం సరే, ఆయన మీదా నాకు కోపముంది. మొదటి శనివారమే కారు ఆపించి ఒక తిట్టు తిట్టి ఉంటే ఏడు వారాలూ మెత్తగా తిప్పేవాడిని. నా మనసు నొప్పించకుండా తన నడుము విరగ్గొట్టుకున్నారు. ఆ మర్యాదను నేనింకా మోస్తున్నాను.

అందుకే మా కొట్లో కొత్త చక్రాలు బిగించాక నేనే వెనక సీట్లో కూర్చుని ఒక చుట్టు తిరిగొస్తాను. చాదస్తమని పక్కకొట్టుకు పోయినవాళ్ళు ఉన్నారు, పోనీ. ఈ ఉదయం ఒకాయన మెరిసే చక్రాలే కావాలని పట్టుబట్టి వేయించుకున్నాడు. వెనక వాళ్ళమ్మగారు కూర్చుని ఉంటే ఆవిడ పక్కన ఎక్కి కళ్ళు మూసుకున్నాను. కాలవ వంతెన మీద కారు ఎగిరిపడింది.

"అమ్మా, పరవాలేదా?" అని ముందునుంచి అడిగాడు కొడుకు.

"ఆయ్, బానే ఉంది నాన్నా."

కళ్ళు తెరిచాను. ఆవిడ చెయ్యి ముందు సీటును గట్టిగా పట్టుకుని ఉంది.

"బండి వెనక్కి తిప్పండి," అన్నాను.