మంచం పక్కన రిజిస్టరు

"తొమ్మిదో మంచం పెద్దావిడ పొద్దున్న ఆరింటికి పోయారండి," అంది డ్యూటీ దిగుతున్న అమ్మాయి, మొన్న నాకు వార్డు అప్పగిస్తూ. వెంటనే పదో మంచం సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆ పెద్దావిడ ఇదే బందరు ఆసుపత్రిలో, ఇదే వార్డులో ఏళ్ల తరబడి హెడ్ సిస్టరుగా చేశారని తనకి తెలియదు. నాకు పని నేర్పింది ఆవిడే.

నర్సులంటే రోజంతా రోగుల దగ్గరే ఉంటారని మీరనుకుంటారు. మేమూ అలాగే అనుకుని చేరాం. తీరా చూస్తే సగం డ్యూటీ రాతకే పోతుంది. అప్పగింతల పుస్తకం, స్టోరు నుంచి మందులు తెప్పించే ఇండెంటు, ల్యాబుకి ఫోన్లు, స్ట్రెచర్ కోసం వెతుకులాట. ఇప్పుడు వీటి మీద కంప్యూటర్ ఎంట్రీ ఒకటి. హెడ్ సిస్టరు గారికి బల్ల దగ్గర కూర్చుని రాయడం గిట్టేది కాదు. రిజిస్టరు చంకన పెట్టుకెళ్లి మంచం పక్కకి స్టూలు లాక్కునేవారు. "ఏ ఊరమ్మా? మొవ్వా? కోతలయ్యాయా?" అంటూనే రాసేవారు. కబుర్లతో ఆలస్యం చేస్తారని మేం చాటుగా విసుక్కునేవాళ్లం.

చేరిన కొత్తలో ఓ రోజు ముప్పై మంచాలకు ఇద్దరమే మిగిలాం. నేను తెలివి చూపించి, నాలుగింటికి చూడాల్సిన టెంపరేచర్లు రెండింటికే అందరికీ నార్మల్ అని రాసేశాను. అప్పటికే డిశ్చార్జయి ఇంటికెళ్లిపోయినావిడకి కూడా రాశాను.

"పర్లేదే, మన ఖాళీ మంచానిక్కూడా జొరం లేదు!" అన్నారు హెడ్ సిస్టరు గారు. నవ్వలేదు. థర్మామీటరు నా చేతికిచ్చి మొదటి మంచం నుంచీ నా వెంట నడిచారు. నాగాయలంక నుంచి వచ్చిన రొయ్యల చెరువు కూలీ ఒకావిడకి కాలి పుండు చీము పట్టి, జ్వరం నూట మూడు ఉంది. నా కాగితంలో ఆవిడ నార్మల్.

"నువ్వు రాసింది చూసుకుని డాక్టరు గారు వెళ్లిపోతారమ్మాయ్. ఆవిడ మాత్రం ఇక్కడే పడుంటుంది," అన్నారు. డాక్టరు గారికి కబురు పెట్టి, తడిగుడ్డ తెచ్చారు. ఇద్దరం ఆవిడ ఒళ్లు తుడిచాం. నా మీద పైకి రిపోర్టు పెట్టలేదు. ఆవిడ గట్టెక్కింది, నా ఉద్యోగమూ నిలిచింది.

కిందటి వారం హెడ్ సిస్టరు గారే ఆయాసంతో వచ్చి మా వార్డులో చేరారు. రోజూ ఓ పావుగంట దగ్గర కూర్చోవాలనుకున్నాను. ఒక్కరోజూ కుదర్లేదు. ఈ మధ్య డ్యూటీ దిగేసరికి నా ఒళ్లే నాకు బరువుగా ఉంటోంది. ఆఖరి సాయంత్రం కూడా, "ఎంట్రీ అయ్యాక వస్తానండి," అన్నాను.

"నాకేమయిందిలే. ఆ పక్కావిడ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, ముందామెను చూడు," అన్నారు.

పక్కావిడకి పాలు పట్టించి, ఎంట్రీ ముగించేసరికి నా బస్సు టైమైంది. మళ్లీ తొమ్మిదో మంచం దగ్గరికి వెళ్లలేదు. వెళ్లాల్సింది.

ఆ సాయంత్రమే, అంతకుముందు, నేను బీపీ మిషనుతో మొదటి మంచం దగ్గర ఉండగానే, హెడ్ సిస్టరు గారు నైటీ చెయ్యి భుజం దాకా మడుచుకున్నారు. నాకో క్షణం కలిసొస్తుందని చెయ్యి చాపి మంచం అంచున పెట్టుకున్నారు. ఎనిమిది మంచాలు దాటి నేను వెళ్లేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది.