ఏది కుడిది?

నాటకంలో రాజు వేషానికి తోలు ముచ్చెలు కావాలంటే గోదావరిఖనిలో చెప్పులు కుట్టే ఓ కాక దగ్గరికే వెళ్లేవాణ్ణి. తంగేడు చెక్క నీళ్లలో నానిన తోలును తోలు వారుతోనే కుట్టేవాడు. మేకులు, జిగురు మాటెత్తితే, "రాజుల కాలంల గివి ఏడున్నయి?" అని కసిరేవాడు.

ఆ కాలపు పద్ధతిలో జతలో రెండూ ఒకే ఆకారంలో ఉండేవి, ఏ కాలికైనా సరిపోయేవి. కుట్టడం అయ్యాక కాక వాటిని వెనక్కి దాచి, అటిటు మార్చి, నా ముందు పెట్టేవాడు. "ఏది కుడిదో చెప్పు సూద్దాం." జవాబు లేదని తెలిసీ నేను ఏదో ఒకటి చూపించేవాణ్ణి. బొగ్గుబాయిలో పనిచేసే అతని కొడుకు పక్కనే కూర్చుని పగలబడి నవ్వేవాడు.

నిరుడు బాయిలో బండ పడి ఆ కొడుకు కుడికాలు తీసేశారు. అతడు దవాఖాన నుంచి ఇంటికొచ్చిన రోజు చూడ్డానికి వెళ్లాను. కాక కొత్త జత తెచ్చి మంచం ముందు పెట్టాడు.

కొడుకే అన్నాడు. "అడుగుతలేవేంది నాయినా, ఏది కుడిదని?"

కాక వంగి ఒకదాన్ని అతని పాదానికి తొడిగాడు. రెండోదాన్ని ఒళ్లో పెట్టుకుని తుడుస్తూ ఉండిపోయాడు.

"గది అరిగినంక గిది తొడుక్కో. రెండు ఎడమకాలియే బిడ్డా."