వాయిదా లేని విచారణ

ఈ ఉదయం నల్లగొండ కోర్టు వరండాలో నా పక్కన కూర్చున్న పెద్దాయన మోకాలికి నొప్పుల మందు రాసుకున్నాడు. ఆ ఘాటు వాసన తగలగానే సుజాత మేడం గుర్తొచ్చారు. దూరదేశంలో మా హోటల్ గది, గదంతా ఇదే వాసన, మంచం మీద కాళ్లు చాపుకుని ఏడుస్తున్న ఒక అమ్మాయి.

మేడం దగ్గర నేను ఆరేళ్లు జూనియర్ లాయరుగా పనిచేశాను. ఆమెది కేతేపల్లి దగ్గర కూలి కుటుంబం. తమకు దక్కాల్సిన చెలక భూమి కోసం వాళ్ల నాయన ఏళ్ల తరబడి ఇదే కోర్టు చుట్టూ తిరిగి, తన మాట జడ్జి వినకముందే కన్నుమూశాడు. అందుకేనేమో, వాయిదా అన్న మాట వినబడితే మేడం ముఖం వాడిపోయేది. అంతర్జాతీయ ఆటల పోటీలప్పుడు తగాదాలను గంటల్లో తేల్చే మధ్యవర్తుల మండలి ఒకటి ఉంటుందని తెలిసిన రోజు ఆమె చిన్నపిల్లలా సంబరపడ్డారు. ఆ నియమాలన్నీ చదివి, క్రీడాకారుల తరఫున ఉచితంగా వాదించేవాళ్ల జాబితాలో పేరు రాయించుకున్నారు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు పిలుపు వస్తే నన్నూ వెంట తీసుకెళ్లారు.

అక్కడ మా హోటల్ గదికి ఏడుస్తూ వచ్చింది యల్లమ్మ. మక్తల్ వైపు గొర్లు కాసుకునే ఇంటి పిల్ల, పదిహేను వందల మీటర్ల పరుగులో మన దేశం తరఫున దిగింది. ముందురోజు పరుగులో లోపలి గీత తొక్కిందని ఆమెను పోటీ నుంచి తీసేశారు. అభ్యంతరం చెప్పడానికి అరగంట గడువు. కోచ్ కాగితం ఇస్తే, ఆలస్యమైందని అధికారులు తిప్పి పంపారు. ఫైనల్ ఆ సాయంత్రమే.

"పక్కామె నూకింది మేడం, గందుకే గీత మీద కాలు పడ్డది. ఎవ్వలూ నా మాట ఇంటలేరు" అంది యల్లమ్మ.

ఆమెను ఫైనల్లోకి తీసుకోవాలని నేను ఆవేశంగా పిటిషన్ రాశాను. మేడం చదివి ఆ వాక్యం కొట్టేశారు.

"తొక్కిందా, నూకిండ్రా అనేది మైదానంల రెఫరీలు చూస్కునేది. దాంట్ల ఈ మండలి వేలు పెట్టదు. ఆమె అభ్యంతరం వినమని రెఫరీలకు చెప్తే చాలు, గదే అడుగుదాం."

"గంతేనా మేడం?" అన్నాను నిరాశగా.

"వాళ్లు ఇయ్యగలిగింది అడిగితేనే ఇయ్యాల్నే ఇస్తరు."

యల్లమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "గెలుస్తమా మేడం?"

"గది నాకు తెల్వది బిడ్డా. నీ మాట మాత్రం ఇయ్యాల ఇనిపిస్త."

పదకొండు గంటలకు విచారణ. ముగ్గురు మధ్యవర్తుల ముందు మేడం పది నిమిషాలే మాట్లాడారు. గోడకు అంటించిన ఫలితాల కాగితం మీద ఒక సమయం ఉంది, మైదానం తెర మీద ఆ ఫలితం పడింది అంతకు చాలాసేపటి తర్వాత; తెర నుంచి లెక్కిస్తే కోచ్ కాగితం గడువులోనే అందింది. గడువును దేని నుంచి లెక్కపెట్టారో చెప్పమన్నారు. అధికారుల తరఫు లాయరు కాగితాలు తిరగేసి తిరగేసి, జవాబుకు రేపటిదాకా సమయం కోరాడు. రేపటికి ఆ పరుగే ఉండదని మేడం అన్నారు.

ఒంటిగంటకు తీర్పు వచ్చింది. అభ్యంతరం గడువులోనే ఇచ్చారు, దాన్ని వినాల్సిందే అన్నారు. రెఫరీలు మళ్లీ వీడియో చూశారు. పక్కామె తోయడం స్పష్టంగా కనబడింది. సాయంత్రం యల్లమ్మ ఫైనల్లో పరుగెత్తి తొమ్మిదో స్థానంలో వచ్చింది. మేడం లేచి నిలబడి, పతకం వచ్చినంతగా చప్పట్లు కొట్టారు. చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

"మా నాయిన ఉంటే గిది సూపిస్తుంటి" అన్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మేడం పోయి రెండేళ్లవుతోంది. అక్కడి వేగం మన కోర్టుల్లోకి తేవడం నా ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. కానీ నా దగ్గరికి ఎవరు వచ్చినా, ఇవాళ దక్కగలిగింది ఏమిటని ముందు వెతుకుతాను. పోయిన వారం నకిరేకల్ నుంచి ఒకామె వచ్చింది. భర్త పోయాక బావలు ఇంటికి తాళం వేశారట. ఆస్తి పంపకాల గొడవ పక్కన పెట్టి, ముందు ఆ తాళం తీయించమని మాత్రమే కోర్టును అడిగాను. జడ్జిగారు అప్పుడే ఉత్తర్వు ఇచ్చారు.

ఆ సాయంత్రమే ఆమె ఫోన్ చేసింది. "ఇంట్లనే ఉన్న మేడం. అన్నం వండుకుంటున్న."